బిస్కెట్ కొక్కేలు

ఖాళీ పిస్తోలు ఎవరు చేతికిచ్చినా ఫౌస్తీనో జుబానీ ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. లోపల ఏ ముక్క కొలిమిలో సాగగొట్టిందో, ఏది ఉక్కు దిమ్మెలోంచి కోసి తీసిందో, ఏది పోత పోసిందో ఆ చప్పుడే చెబుతుందట. గార్దోనెలోని మజ్జోల్దీ వారి కార్ఖానాలో నలభై ఒక్క ఏళ్లుగా పిస్తోళ్లు కూర్చే మనిషి కాబట్టి అతని మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. ఒకసారి మాత్రం బారు నడిపే సెవెరో సిగరెట్ లైటరును తువ్వాల్లో చుట్టి అతని చెవి దగ్గర ఆడించాడు. "గొట్టం మాత్రం సాగగొట్టిందే, మిగతాదంతా నాసిరకం" అని తీర్పు చెప్పాడు ఫౌస్తీనో. అది జరిగి తొమ్మిదేళ్లయినా బారులో ఆ కథ ఇంకా పాతబడలేదు.

అతని దృష్టిలో ఇనుప ముక్కలకీ కులగోత్రాలున్నాయి. సాగగొట్టింది పెద్దింటి బిడ్డ. కోసి తీసింది కష్టపడి పైకొచ్చిన బిడ్డ. పోత పోసింది పెళ్లికి పిలవాలా వద్దా అని ఆలోచించే దూరపు చుట్టం. ఈ మధ్య కొత్తగా ఒక రకం వచ్చింది, దానికి మాత్రం గడప దాటే అర్హత కూడా లేదు. ఖర్మ ఏమిటంటే ఆ రకాన్ని తయారుచేసేది అతని సొంత కూతురు.

ఒర్నెల్లా పక్క లోయలో, లుమెజ్జానెలో, మరో ఇద్దరితో కలిసి చిన్న కార్ఖానా నడుపుతుంది. లుమెజ్జానె అంటే కుళాయిలూ చెంచాలూ చేసే ఊరు. గార్దోనె వాళ్లు తుపాకి చేస్తారు, లుమెజ్జానె వాళ్లు ఆ తుపాకి పట్టుకున్నవాడు చేతులు కడుక్కోవడానికి కుళాయి చేస్తారు. ఇది ఫౌస్తీనో లెక్క. ఒర్నెల్లా కార్ఖానాలో పౌడరులాంటి ఉక్కుపొడిని మైనంతో కలిపి ముద్ద చేస్తారు. ముద్దని అచ్చులో నొక్కుతారు, తీసి కొలిమిలో పెడతారు. మైనం పోతుంది, పొడి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ముక్క ఆరో వంతు కుంచించుకుపోయి సరిగ్గా కావలసిన కొలతకి వచ్చి ఆగుతుంది.

"పిండి, వెన్న, అచ్చు, పొయ్యి. ఇంతేగా?" అన్నాడు ఫౌస్తీనో మొదటిసారి విన్నప్పుడు. "బిస్కెట్లు చేస్తున్నావన్నమాట."

"అవును నాన్నా. ఒకటి కొరికి చూడు. కట్టుడు పళ్ల డాక్టరు మా కార్ఖానా పక్కనే ఉన్నాడు."

ఆ పేరే ఖాయమైంది. ఈ ఏడాది వసంతంలో మజ్జోల్దీ వారు పోటీలకోసం కొత్త పిస్తోలు మొదలుపెట్టారు. అందులో ట్రిగ్గరు నొక్కేదాకా గుర్రాన్ని, అంటే తూటాని పేల్చే సుత్తిని, పట్టి ఆపే గోరంత కొక్కెం ఒకటుంటుంది. అది జారితే గుర్రం పడుతుంది, గుర్రం పడితే తూటా పేలుతుంది. పిస్తోలు మంచీ చెడ్డా సగం ఆ కొక్కెం అంచులోనే ఉంటుంది. ఆ పని ఒర్నెల్లా కార్ఖానాకి దక్కింది. అక్కడ పదకొండు మంది పనిచేస్తారు. ఈ కొక్కేలు లేకపోతే వాళ్లకి శరదృతువు దాకా చేసేందుకు ఇంకేమీ లేదు.

జూన్‌లో పన్నెండు పిస్తోళ్లని పరీక్షకి పంపారు. రెండేసి వేల తూటాలు కాల్చేసరికి తొమ్మిది పిస్తోళ్లు పిచ్చి వేషాలు మొదలుపెట్టాయి. ఒకసారి నొక్కితే రెండుసార్లు పేలాయి. కొక్కెం అంచు అరిగిపోయింది. పోటీల సంగతి అటుంచితే, అలాంటి పిస్తోలు పట్టుకున్నవాడి పక్కన నిలబడటమే ప్రమాదం.

ఆ కబురొచ్చిన సాయంత్రం ఫౌస్తీనో బారులో ముగ్గురికి వైన్ పోయించాడు. అతను ఇంకొకరికి పోయించడం ఆ ఊళ్లో భూకంపం లాంటి వార్త.

"ఏమైందిరా, కూతురికి పెళ్లా?" అన్నాడు సెవెరో.

"బిస్కెట్ నానింది!" అన్నాడు ఫౌస్తీనో. "నేను చెప్పలా? పొడిని పిసికి ఉక్కు చేస్తారట! మా తాత వింటే సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"పాపం, పిల్ల పని పోతుందేమోరా."

"పోతే పోనీ. మళ్లీ కుళాయిలు చేసుకుంటుంది" అన్నాడు. అన్నాక వైన్ కొంచెం పుల్లగా తగిలింది. సెవెరో నిన్నటి సీసా పోశాడేమోనని సరిపెట్టుకున్నాడు.

ఆదివారం భోజనానికి ఒర్నెల్లా వచ్చింది. భార్య ఆంజోలీనా వెన్నలో వేగిన కసొన్చెల్లి పాస్తా వడ్డిస్తూ, "ఈ బల్ల మీద ఇవాళ ఇనుము పేరెత్తినవాళ్లకి రెండోసారి వడ్డించను" అని ముందే చెప్పింది. ఫౌస్తీనో నాలుగు ముద్దల దాకా ఓర్చుకున్నాడు. తరవాత జేబులోంచి అరిగిన కొక్కెం ఒకటి తీసి కూతురి పళ్లెం పక్కన పెట్టాడు. వారం రోజులుగా దాన్ని పతకంలా జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"చూసుకో నీ బిస్కెట్టు."

ఒర్నెల్లా సంచిలోంచి భూతద్దం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చాలాసేపు చూసింది. వెనక్కి వచ్చి కూర్చున్నాక ఇంకో ముద్ద తినలేదు. తండ్రి ఎగతాళికి ఎగతాళితో జవాబివ్వకుండా ఆమె ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారి. గెలిచానని ఫౌస్తీనోకి అర్థమైంది గానీ, గెలిచినట్టు మాత్రం ఎందుకో లేదు.

"ఇప్పుడు కడుపు నిండిందా?" అని ఆంజోలీనా అతని పళ్లెం ఎత్తుకుపోయింది.

గురువారం పదకొండు గంటలకి యజమానురాలు మజ్జోల్దీ గారి గదిలో సమావేశం. బల్లకి ఒకవైపు ఒర్నెల్లా, ఇంకోవైపు ఫౌస్తీనో. గోడకి తెర. మధ్యలో ఒక ఉత్తరం.

"పెద్దగా మాట్లాడుకోవలసింది లేదు" అన్నారు మజ్జోల్దీ గారు. "లోపం తమ కొలిమిదే అయుండొచ్చనీ, సరుకంతా వెనక్కి తీసుకుంటామనీ ఒర్నెల్లా గారే రాసి సంతకం పెట్టారు. మీరు మొదట్నుంచీ చెబుతున్నదే నిజమైంది, ఫౌస్తీనో గారూ. కింద మీరూ ఒక సంతకం పెడితే మళ్లీ పాత పద్ధతికే వెళ్లిపోదాం, దిమ్మెలోంచి కోసే తీద్దాం."

ఫౌస్తీనో కలం అందుకున్నాడు. ఒర్నెల్లా కిటికీలోంచి బయటికి చూస్తోంది. "ఆనవాయితీ కోసం ఒక్కసారి ఇది కూడా చూసేయండి" అంటూ యజమానురాలు తెర వెలిగించారు. గోరంత కొక్కెం గోడమీద గుమ్మమంత కనిపించింది. అరిగిన అంచు పక్కన, ఎడమవైపుకి వాలి, మూడు సన్నని మెరిసే గీతలున్నాయి.

ఫౌస్తీనో ఎడమచేతివాటం మనిషి. పిస్తోళ్లు కూర్చే గదిలో ఆ వాటం ఇంకెవరికీ లేదు. ఆ మూడు గీతల్ని అతను గోడమీద కాదు, బావి అడుగున ఉన్నా పోల్చుకుంటాడు.

పాత రోజుల్లో కోసి తీసిన కొక్కెం అతని బల్లమీదికి మెత్తగా వచ్చేది. గుర్రానికి అతికేలా అతను ఆకురాయితో రుద్దేవాడు, చివర సానరాయితో మూడుసార్లు గీసేవాడు. ఆ తరవాతే దాన్ని గట్టిపరిచేందుకు కొలిమికి పంపేవారు. ఒర్నెల్లా కొక్కెం అలా కాదు. అది గట్టిపడి మరీ వస్తుంది. ఆ గట్టిదనం అంతా వెంట్రుకకన్నా పలచని పై పొరలోనే ఉంటుంది. దానిమీద సానరాయి పెట్టడం అంటే గుడ్డు పెంకు ఒలిచి, గుడ్డు గట్టిగా లేదని తిట్టడం. పన్నెండింటిలో మూడు పిస్తోళ్లు ఎందుకు నిలబడ్డాయో కూడా ఇప్పుడు తెలిసింది. ఆల్పీని అనే కొండదళం పాత సైనికుల పండగకి ఈక టోపీ పెట్టుకుని అతను వెళ్లిన మూడు రోజుల్లో వాటిని కూర్చింది పక్క బల్ల చెసీరా.

అతని చేతిలో కలం ఉంది. సంతకం పెడితే వసంతం నుంచీ బారులో చెప్పిందంతా నిజమైపోతుంది. ఎవరూ ఏమీ అడగరు. గీతలు ఎవరివో ఈ గదిలో తెలిసింది తనొక్కడికే అనుకున్నాడు. అప్పుడు ఒర్నెల్లా వైపు చూశాడు. ఆదివారం భోజనం చల్లారిపోతుంటే కిటికీ దగ్గర ఆమె చూసింది ఏమిటో అర్థమైంది. ఆరేళ్ల వయసులో అతని బల్ల పక్కన పీట వేసుకుని ఆ గీతలు లెక్కపెట్టి మరీ లెక్కలు నేర్చుకున్న పిల్ల అది. దానికి తెలియకపోవడమేమిటి!

ఫౌస్తీనో కలం కింద పెట్టాడు.

"ఆ గీతలు నావి" అన్నాడు.

మజ్జోల్దీ గారు అద్దాలు సర్దుకున్నారు. "మీవంటే?"

"సానరాయి పెట్టాను. తొమ్మిదింటికీ. పై పొర లేపేశాను. కొక్కెంలో ఏ లోపం లేదు. బంగారంలాంటి కొక్కెం."

"ముట్టుకోకుండా ఉన్నదున్నట్టే బిగించాలని కాయితం ఇచ్చాం కదండీ?"

"ఇచ్చారు."

"ఏదీ అది?"

"బల్ల ఒక కాలు ఊగుతుంటేనూ, దాని కింద పెట్టాను."

ఒర్నెల్లా అరచేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. యజమానురాలు మాత్రం నవ్వలేదు. "నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నారు మీరు. ఎందుకు ముట్టుకున్నారు?"

అలవాటండీ అనబోయాడు. అలవాటన్నది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. ఆ గదిలో అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

"పొద్దున్నే మొదటిది తీసి గుర్రం మీద పెట్టానమ్మా. సరిపోయింది. రెండోది పెట్టాను, అదీ సరిపోయింది. ఏది తీసినా సరిపోతోంది. నేను చెయ్యడానికేమీ మిగల్లేదు. ముట్టుకోకుండా బిగించడానికైతే ఇక్కడ నేనెందుకు?"

మజ్జోల్దీ గారు ఉత్తరాన్ని మడిచి ఒర్నెల్లా వైపు జరిపారు. ఇంకో పన్నెండు పిస్తోళ్లు చెసీరా కూరుస్తుందనీ, అవి నిలబడితే పని లుమెజ్జానెలోనే ఉంటుందనీ చెప్పారు. ఫౌస్తీనో గారు ఆమె పక్కన కూర్చుని, ఏ ముక్కలో రంధ్రం ఉన్నా, ఏది వంకరపోయినా ఏరి పక్కన పెట్టాలి. కళ్లతో మాత్రమే. "చేతులు జేబులో" అన్నారు.

"రెండూనా?" అన్నాడు ఫౌస్తీనో.

"ఎడమది ముఖ్యంగా."

బయట, మెల్లా నది ఒడ్డున కార్లు నిలిపే చోటుకి తండ్రీకూతుళ్లు నడిచారు. కారు దగ్గరికి వచ్చాక ఫౌస్తీనోకి కోపం వచ్చింది. తనమీద రావలసిన కోపాన్ని అతనెప్పుడూ ఇంకొకరికే ఇస్తాడు.

"నీకు ఆదివారమే తెలుసు కదే?"

"తెలుసు."

"మరి అప్పుడే నా మొహాన చెప్పొచ్చుగా?"

"చెప్తే? 'బిస్కెట్లవాళ్ల అబద్ధం' అనేవాడివి. అనేవాడివా, కాదా?"

అనేవాడే. అందుకని ఆ మాట వదిలేశాడు.

"సరే. ఆ ఉత్తరం ఏమిటి? తప్పు నీది కాదని తెలిసి సంతకం ఎలా పెట్టావు? పదకొండు మంది కడుపు కొట్టడానికా? నీకు మతి పోయిందా?"

"వాళ్లతో మాట్లాడే పెట్టాను. ఇంకో పని వెతుక్కుందాం అన్నారు."

"ఎందుకు? ఎవడి కోసం?"

ఒర్నెల్లా కారు తలుపు తీసి, దానిమీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

"నా ముక్క పనికిరాదంటే నేను ఇంకో ముక్క చేసుకుంటాను నాన్నా. నీ చెయ్యి పనికిరాదంటే నువ్వేం చేస్తావు?"

ఫౌస్తీనోకి ఏడుపొచ్చింది. గార్దోనెలో ఆ వయసు మగవాళ్లకి ఏడుపొస్తే తిట్లు లంకించుకుంటారు. అతనూ లంకించుకున్నాడు. లుమెజ్జానె ఊరిని తిట్టాడు, అక్కడి కుళాయిల్ని తిట్టాడు, చెంచాల్ని తిట్టాడు, ఉక్కుని పొడి చెయ్యొచ్చని మొదట కనిపెట్టినవాణ్ని వాడి అమ్మమ్మతో సహా తిట్టాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటినుంచి తిట్టాడు. ఒర్నెల్లా అంతా అయ్యేదాకా తలుపు పట్టుకునే నిలబడింది.