టేపు కొస

“టేపు కొస పట్టుకోడానికి ఓ మనిషుండాల. నువ్వూ రా,” అన్నాడు మోహనకృష్ణ, కంచంలోంచి తలెత్తకుండానే.

నీలవేణి ఫ్లాస్కులో టీ పోస్తోంది. పోస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎక్కడికైనా రమ్మని భర్త తనని పిలిచి చాలా కాలమైంది. కూతురు యమున పోయిందగ్గర్నుంచి ఆ ఇంట్లో మాటలు కూరలో ఉప్పు దగ్గర మొదలై ఉప్పు దగ్గరే ఆగిపోతున్నాయి. ఇవాళ ఆదివారం, బడి లేదు. తెల్లారే లేచి అత్తగారికి వేణ్ణీళ్ళు పెట్టి, ఇడ్లీ వేసి, మధ్యాహ్నానికి పప్పు నానబెట్టింది. వెల్డింగు షెడ్డు దగ్గర మనుషులుంటారనీ, మొగుడికి బయట టీ పడదనీ ఎవరూ అడక్కుండానే ఫ్లాస్కు కడిగింది. టేపు కొస పట్టుకోడానికి షెడ్డులో ఎవరూ లేరా అని అడగొచ్చు. కాపరానికొచ్చింది మొదలు అడక్కుండా వదిలేసిన వాటి పక్కన ఇదీ చేరింది.

“సరే బావా,” అంది.

పెరట్లో నీలం టార్పాలిన్ కింద యమున కారుంది. పాత మారుతి. సీట్లు పీకేసి, అద్దాలు తీసేసి, లోపల ఇనప గొట్టాలతో పంజరం బిగించి, మట్టి ట్రాక్ మీద పందేలకని యమున తన చేతుల్తో తయారుచేసుకున్న కారు. దానికి ముందు లైట్లు లేవు, వెనక లైట్లు లేవు. గాజు పగిలి ట్రాక్ మీద పడుతుందని పందేలవాళ్ళే తీయించేస్తారు. అలాంటి కారు మామూలు రోడ్డెక్కకూడదు. పందెం ఎక్కడుంటే అక్కడికి ట్రైలర్ మీద మోసుకెళ్ళాలి. యమున ఈ సంగతే వాళ్ళ నాన్నకి చెప్పింది. భోజనాల దగ్గర చెప్పింది, పొలం గట్టు మీద చెప్పింది, చివరికి తల్లి చేత కూడా చెప్పించింది.

“నడిసే కారుని మొయ్యడమేటే?” అన్నాడతను. “కాళ్ళున్నోణ్ణి భుజానెక్కించుకున్నట్టు! జీపుకి తాడు కట్టి లాక్కుపోండి. ధనా జీపు తోల్తాడు, అది స్టీరింగ్ పట్టుకుంటాది. ఏటి కష్టం?” నీలవేణి మళ్ళీ కదిపితే, “ఆడపిల్ల. రెండేళ్ళు సరదా పడతాది, ఆనక పెళ్ళయి పోతాది. తరవాత ఆ ట్రైలర్ మీద నువ్వు బడికెళ్తావా?” అన్నాడు. అత్తగారు చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మాట ఊళ్ళో కూడా పాకింది. ఎరువుల కొట్టు మోహనకృష్ణ భలే చెప్పేడని పదిమందీ అనుకున్నారు.

భీమిలి దగ్గర పందెంలో యమున రెండో స్థానంలో వచ్చింది. తిరిగొస్తూ గొట్లాం దగ్గర తాడు తెగింది. అప్పుడే చీకటి పడుతోంది. దిగి తాడు ముడేసి, మళ్ళీ కారెక్కడానికి రోడ్డు వైపు తలుపు దగ్గరికి నడిచింది. లైట్లు లేని కారు లారీవాడికి దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. కనపడ్డాక స్టీరింగు పక్కకి కోసేడు. కారుని తప్పించేడు. తలుపు దగ్గరున్న పిల్లని తప్పించలేకపోయేడు.

కారుకి గీత కూడా పడలేదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే అన్నారు, అదేదో అదృష్టమైనట్టు. దినాల్లో అత్తగారు అందరి ముందూ అంది, “పదిమంది పిల్లలకి సదువు సెప్పుకునేదానివి, కడుపున పుట్టినదానికి బుద్ధి సెప్పుకోలేకపోయేవు.” సెలవయ్యేక నీలవేణి బడికెళ్తే హెడ్మాస్టరు ఎంతో మెల్లగా, “తేరుకోవాలి మేడమ్,” అని, అదే గొంతుతో, “ఫోన్లో హాజరు వెయ్యడం మర్చిపోతన్నారు,” అన్నాడు. ఆమె చెప్పేది భౌతికశాస్త్రం. మొన్న గరిమనాభి పాఠం వచ్చింది. స్కేలుని వేలి మీద నిలబెట్టి, వస్తువు బరువంతా ఏ ఒక్క చోట ఉన్నట్టు ప్రవర్తిస్తుందో ఆ చోటే గరిమనాభి అని చెప్తూ చెప్తూ ఆగిపోయింది. పిల్లలు స్కేలు వైపే చూస్తూ కూచున్నారు. స్కేలు పడలేదు.

ఇప్పుడు ఆ కారుని ధనరాజు నడుపుతాడట. ధనరాజు మోహనకృష్ణ తమ్ముడి కొడుకు. ఆ రోజు జీపు తోలింది వాడే. వచ్చే నెల కోయంబత్తూరులో పందెం. “దాని ఆశ ఈడు తీరుస్తాడు,” అన్నాడు మోహనకృష్ణ. ఈసారి తాడు మాట ఎత్తలేదు. ట్రైలర్ చేయిద్దామని తనే అన్నాడు.

బయల్దేరుతుంటే ధనరాజు తల్లి రాజకుమారి గోడ పక్కకి పిలిచింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “అక్కా, నాను వద్దంటే ఇంట్లో ఎవులూ ఇనుకోరు. నువ్వెళ్తన్నావు కదా. కూసింత సూడు,” అంది. ఏం చూడాలో ఆమెకీ తెలీదు.

దాలయ్య షెడ్డు గజపతినగరం పొలిమేరలో ఉంది. అతను ట్రాక్టరు తొట్లు చేస్తాడు. ఆ చుట్టుపక్కల చెరుకూ వడ్లూ మోసే తొట్లలో సగం అతని చేతి మీదుగా వెళ్ళినవే. వెల్డింగు ఆపి, ముఖానికి అడ్డం పెట్టుకున్నది తీసి, “రండి మోహనబాబూ. ఓలమ్మ, టీచరమ్మ కూడా వచ్చీసేరు!” అన్నాడు. ఆ తరవాత ఆమె వైపు చూడ్డం ఎలాగో తెలీక కుర్చీ తుడిచేడు. ధనరాజు అప్పటికే వచ్చి ఉన్నాడు. పెద్దమ్మ కళ్ళలోకి చూడలేదు.

నీలవేణి టేపు కొస పట్టుకుంది. మోహనకృష్ణ రెండో చివర పట్టుకుని అంకెలు గట్టిగా చదివేడు. “ఇంకొంచెం ఎనక్కి. లూజుగా ఒగ్గీకు. ఆ, అక్కడ.” ఆమె కొస నేలకి అదిమి పట్టుకుని వంగి నిలబడింది. అంకెలన్నీ అటు చివరే ఉన్నాయి. ఇటు చివర ఉన్నది ఇనప కొక్కెం ఒక్కటే.

“మూసిన పెట్టిలా చేద్దాం,” అన్నాడు మోహనకృష్ణ. “దుమ్ము పడదు. పైగా రెండు పక్కలా పేరు రాయించొచ్చు.”

“పెట్టయితే పేరు బాగా అగుపిస్తాది బాబూ,” అన్నాడు దాలయ్య.

పెట్టె అన్న మాట దగ్గర నీలవేణి తలెత్తి మొగుడి వైపు చూసింది.

“ఇరుసు కూసింత ముందుకి జరుపు. ఎనక్కుంటే బరువంతా జీపు హుక్కు మీద పడతాది. మొన్ననే స్ప్రింగులు మార్పించేను,” అన్నాడు మోహనకృష్ణ.

“తొట్టికైతే ఎనకుంటాది. ఇది మీ బండి, మీరెలా సెప్తే అలాగ.”

ఇరుసు ముందుకి జరిపితే ఏమవుతుందో నీలవేణికి తెలుసు. ఇంటి వసారాలో తెలిసింది. ఓ సెలవు రోజు మధ్యాహ్నం యమున చెప్పుల డబ్బా మూతకి రెండు గాజులు చక్రాలుగా తగిలించి, ముందు దారం కట్టి, మీద కందిపప్పు పొట్లం పెట్టింది. “అమ్మా, సూడు. ఇదే మన ట్రైలర్. పప్పు నా కారు.” పొట్లం ముందుకి పెట్టి దారం లాగితే మూత బుద్ధిగా వెనకే వచ్చింది. పొట్లం వెనక్కి జరిపి గబగబా లాగితే మూత తోక అటూ ఇటూ ఊగి, ఊగి, గచ్చు మీద బోర్లా పడింది. పప్పంతా ఒలికింది. “దూడ తోకలా ఊపుతోంది సూడే!” అని నీలవేణి నవ్వింది. ఇద్దరూ కూచుని పప్పు ఏరుకుంటూనే ట్రైలర్ ఎంచుకున్నారు. మూసినదొద్దు, తెరిచినది చాలు; మూసినదానికి గాలి తగిలి జీపుని పక్కకి తోస్తుంది. ఒక ఇరుసు కాదు, రెండు; ఒక టైరు పేలినా రెండోది మొయ్యాలి. కారు పొట్ట నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎక్కించే పలకలు పొడుగ్గా ఉండాలి. కారు ఒంటికి తాళ్ళు కట్టకూడదు, టైర్లనే పట్టీలతో కట్టాలి. సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మ గీసేరు. గరిమనాభి దగ్గర యమున చుక్క పెట్టింది. “మీ పాఠం ఒక్కసారైనా పనికొచ్చింది మేడమ్,” అంది. సాయంత్రం అత్తగారు, “గచ్చంతా ఏటీ పిచ్చి గీతలు?” అంటే నీలవేణే తడిగుడ్డ పెట్టి తుడిచేసింది.

“పెయింటరు రేపొస్తాడు,” అన్నాడు దాలయ్య. “ఎనక ఏటి రాయమంటారు?”

మోహనకృష్ణ గొంతు సవరించుకున్నాడు. అప్పుడు మాత్రం అతని గొంతులో నిజంగానే తడి ఉంది. “పెద్దచ్చరాలు. ‘యమున జ్ఞాపకార్థం.’ దాని కింద ‘నాన్న బహుమతి.’”

ఊళ్ళో ఆటోల మీదా, తొట్ల మీదా ఆ మాట నీలవేణి వెయ్యిసార్లు చదివింది. నాన్న బహుమతి. పిల్ల అడిగినప్పుడు ఇవ్వనిది, పిల్ల లేనప్పుడు, పిల్ల పేరు మీద, ఇంకొకరికి. ఆమెకి కోపం రాలేదు. కోపానికి కావలసిన బలం ఆమె దగ్గర లేదు. కానీ ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎక్కితే ఇక జరిగిందంతా అదే అయిపోతుందనీ, కోయంబత్తూరు దాకా రోడ్డు మీద వెనకొచ్చే ప్రతివాడూ అదే చదువుకుంటాడనీ ఆమెకి అర్థమైంది. ఆ రాత మోస్తూనే ట్రైలర్ తోక ఊగుతుంది. అప్పుడు జీపులో ఉండేది రాజకుమారి కొడుకు.

“జ్ఞాపకార్థంకి ఒత్తులెక్కడో మా పెయింటరుకి తెలీదు,” అని దాలయ్య ఒక ఇనప రేకు నేల మీద పరిచి సుద్దముక్క ఆమెకి అందించేడు. “టీచరమ్మా, మీరు రాసీయండి. ఆడు సూసి దిద్దుతాడు.”

“ఆ, రాయి,” అన్నాడు మోహనకృష్ణ. “అది నీ పనే కదా.”

నీలవేణి టేపు కొస కింద పెట్టి, రేకు ముందు గొంతుక్కూచుంది. మొదట ఒక నిలువు గీత గీసింది. దాలయ్య అక్షరం కోసం చూసేడు. ఆమె దానికి అడ్డంగా ఇంకో గీత గీసింది. తరవాత నాలుగు చక్రాలు, హుక్కు, పొడుగైన పలకలు. ఇరుసుల కంటే కొంచెం ముందు ఒక చుక్క పెట్టింది.

“ఇదేటి?” అన్నాడు మోహనకృష్ణ.

“కారు బరువు ఈ చుక్క మీద పడాలి, దాలయ్యా. ఇరుసు ముందుకి జరపొద్దు. జరిపితే బరువు వెనక్కి పోతుంది. మెల్లగా వెళ్తే తెలీదు. హైవే మీద వేగం అందుకున్నాక తోక ఊపుతుంది. బ్రేకు వేస్తే ఇంకా ఊపి జీపుని కూడా ఈడ్చేస్తుంది. పెట్టె వద్దు. ఇరుసులు రెండు. బ్రేకులు దీనికీ ఉండాలి.” ఆమె గొంతు బడిలో పాఠం చెప్పే గొంతులాగే ఉంది. “అన్నిటికంటే ముందు వెనక లైట్లు పెట్టు.”

“నువ్వూరుకో నీలా. నీకేటి తెలుసు ఇయన్నీ? నీకెవులు సెప్పేరు?”

“యమున. నిన్ను అడిగిన ట్రైలర్ ఇదే.”

ధనరాజు గోడకి జారబడి కూచున్నాడు. “ఔను పెదనాన్నా,” అన్నాడు వినపడీ వినపడనంత మెల్లగా. “అక్క నాకూ ఇదే గీసి సూపించింది.”

“కాళ్ళున్నదాన్ని మొయ్యడమేటన్నావు,” అంది నీలవేణి, రేకు మీద నుంచి కళ్ళెత్తకుండా. “గొట్లాం నుంచి మోసుకొచ్చేరు కదా. నలుగురు పట్టేరు.”

ఆమె ఎన్నడూ అతనితో అలా మాట్లాడలేదు. మాట బయటికి వచ్చేక అది ఎంత చిన్న మాటో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇన్నాళ్ళూ గొంతులో కొండలా ఉండేది.

మోహనకృష్ణ చుట్టూ చూసేడు. దాలయ్య చేతిలో ఉన్న పట్టకారుని పరీక్షగా చూసుకుంటున్నాడు. “పదిమందిలో ఏటిది? ఇంటికెళ్ళి మాటాడుకుందాం,” అన్నాడు మోహనకృష్ణ.

“ఇంట్లో ఎప్పుడో మాటాడేసేం.”

ఫ్లాస్కు మూత తీసినవాళ్ళు లేరు. రోడ్డు మీద రాయగడ వైపు వెళ్ళే లారీ ఒకటి షెడ్డు రేకులని అదరగొట్టి పోయింది. దాలయ్య నెమ్మదిగా గొంతుక్కూచుని, ఆ చుక్క చెరిగిపోకుండా పక్క నుంచి వేలు పెట్టి చూసేడు.

“మరి పేరు, టీచరమ్మా?”

“పేరొద్దు దాలయ్యా. ఆ చోట లైటు పడితే మెరిసే ఎర్ర రేడియం పట్టీ అంటించు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. పేరు చీకట్లో కనపడదు.”

లేచి చేతికంటిన సుద్ద చీరకి తుడుచుకుంది. నేల మీదున్న టేపు తీసింది. కొక్కెం ఉన్న కొస పట్టుకుని మొగుడి వైపు చెయ్యి చాపింది.

“మళ్ళీ కొలవాలి,” అంది. “కొస నువ్వు పట్టుకో.”