మేడ మీది గాలిబాణం

ఆయన కొంప ముంచింది గాలోడే. గాలోడంటే ఊరికే తిరిగేవాడు కాదు. పెళ్లాం తమ్ముడు, గాలిలో మురికి కొలిచే ఆఫీసులో పని. నగరంలో ఇంక మేడే లేనట్టు ఆ మిషను తెచ్చి సొంత బావ నెత్తినే పెట్టాడు.

ఇంటికి తూర్పున ఆయన షెడ్డు. కరిగిన జింకు తొట్టిలో బకెట్లూ గొళ్ళాలూ ముంచి పూత వేస్తాడు. ఆరో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి ఆ తొట్టి పక్కనే బతుకు. ఇంటికి పడమర, పాత టైర్లు కాల్చి లోపలి తీగ అమ్ముకునేవాడి దొడ్డి. వాణ్ణి పేటంతా టైర్ల మామ అంటుంది.

"ఈ పేట గాల్లో జింకు ఎక్కువుంది బావా," అన్నాడు గాలోడు, మిషనులో మురికి పట్టే తెల్ల కాగితాలు పేరుస్తూ. "నీ తొట్టిలోంచి వచ్చేదీ జింకే, టైరు కాలినా వచ్చేది జింకే. ఒట్టి కాగితం చూస్తే ఎవరిదో తేలదు. అందుకే పక్కన ఈ బాణం. గాలి ఎటు నుంచి వీచినప్పుడు జింకు పడిందో చూస్తే దొంగ దొరుకుతాడు."

దొంగ అన్నప్పుడు వాడి చూపు షెడ్డు మీదే ఉందని ఆయనకి అనిపించింది.

"మీ తమ్ముడు నా షెడ్డు మీద కన్నేశాడే," అన్నాడు అన్నం కలుపుతూ.

"వాడికెందుకూ మీ షెడ్డు? బకెట్లు నెత్తిన పెట్టుకుని ఊరేగుతాడా?" అంది భార్య. "దొంగ అంటే మీరెందుకు భుజాలు తడుముకుంటారు?"

మర్నాడు టీ కొట్టు దగ్గర గాలోడూ టైర్ల మామా పగలబడి నవ్వుకోవడం ఆయన కళ్లారా చూశాడు. ఇంకేం కావాలి? భార్య కూరగాయలకి వెళ్లగానే స్పానరు పట్టుకుని మేడెక్కాడు. బాణం కింద గుండ్రటి డబ్బా, దాని మీద ఎర్రగీత. ఆ గీత ఉత్తరానికి ఉంటేనే దిక్కులు సరిగా నమోదవుతాయని గాలోడే చెప్పాడు. బోల్టు వదులు చేసి గీతను దక్షిణానికి తిప్పి బిగించాడు.

"ఇప్పుడు రాసుకో, నా పొగ పడమటి నుంచి వచ్చిందని!"

తన పొగ పడమటికి పోతుందని లెక్కేశాడు గానీ, పడమటి పొగ తన గుమ్మంలోకి వస్తుందని లెక్కేసుకోలేదు.

కొన్నాళ్లకి ఆఫీసరమ్మ వచ్చింది, వెనకాల గాలోడు. "తూర్పు గాలి వీచినప్పుడల్లా కాగితాల నిండా జింకే. తూర్పున ఉన్నది మీ షెడ్డేగా?" అంది.

ఆవిడ షెడ్డు చూడ్డానికి వెళ్లింది. గాలోడు మేడెక్కి, దిగొచ్చి, ఆయన్ని మెట్ల కిందికి లాక్కెళ్లాడు.

"ఎర్రగీత తిరగబడి ఉంది బావా. ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదు."

"నేను చెప్తే బావ కోసం నువ్వే తిప్పావంటారు. నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఈ లెక్కంతా కొట్టేయించి మళ్లీ మొదటి నుంచి కొలుస్తాను. ఆ పొగ టైర్లదని నాకు తెలుసు."

చెప్పించి, సర్కారు మిషను చెడగొట్టాడని కేసు పెట్టించడానికే అనుకున్నాడు ఆయన.

"టీ కొట్టు దగ్గర వాడితో ఏం నవ్వావురా?"

"టైర్లు కాలుస్తావా అంటే, చలి కాచుకుంటానన్నాడు ఈ ఎండల్లో. నవ్వక ఏడవనా? అక్క మీద ఒట్టు బావా, చెప్పు."

జవాబు ముందే అల్లుకొచ్చాడు, ఎంత తడుముకోకుండా చెప్పాడో!

"ఎవరూ ముట్టుకోలేదంటే వినబడదూ?"

గాలోడు ఆఫీసరమ్మ వెనకాలే వెళ్లిపోయాడు. షెడ్డుకి సీలు పడింది. తొట్టిలో జింకు చల్లారి బండైపోయింది. పూత పని తప్ప ఇంకో పని రాదు, అప్పులవాళ్లు గుమ్మం దిగరు, షెడ్డు అమ్మక తప్పలేదు. కొన్నవాడు టైర్ల మామ.

ఇప్పుడు అటూ ఇటూ టైర్లే. గాలి ఎటు వీచినా వంటింట్లోకి అదే కంపు. వాళ్లిద్దరూ మొదటి నుంచీ ఒకటేనని ఆయన ఇప్పటికీ అంటాడు. భార్య మాత్రం ఆ మాట రాగానే లేచి వెళ్లి మేడ మీద బట్టలు తీస్తుంది, ఆరకపోయినా సరే.

పోయింది నూట పద్నాలుగు గజాల స్థలం, పైన రేకులతో సహా.