గడియారాలక్క ప్రశ్న

స్టేషన్లో, మిల్లులో, కోర్టులో ఉన్న గోడ గడియారాలన్నిటికీ ఆమే దిక్కు. పాతికేళ్ళుగా వాటిని బాగుచేస్తున్న ఆమెను ఊళ్ళో అందరూ గడియారాలక్క అంటారు. చదువు పదో తరగతితో సరి. ఆ ఆదివారం గ్రంథాలయంలో ఒక ప్రొఫెసరు సాపేక్ష సిద్ధాంతం గురించి మాట్లాడతాడని తెలిసి, వదినను వెంటబెట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

కదిలే గడియారం నెమ్మదిస్తుందన్నాడు ప్రొఫెసరు. వెలుగు ఏ దిక్కుకు పోయినా ఒకటే వేగమన్నాడు. "ఇది కొలిచి తేల్చిన మాట!" అని బల్ల చరిచాడు.

అక్క చెయ్యెత్తింది. "ఎలా కొలిచారండీ?"

"వెలుగును అద్దం మీదికి పంపి, తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాం."

"అది రానూపోనూ కలిపి కదండీ. ఒక్క పోవడానికే ఎంత పట్టింది?"

"అటు చివర ఇంకో గడియారం పెడితే సరి."

"ఆ రెండూ ఒకే టైము చూపిస్తున్నాయని ఎలా తెలుస్తుంది?"

హాల్లో కిసుక్కుమన్నారు. వదిన మోచేత్తో పొడిచింది. "ఊరుకోవే, పరువు పోతోంది!"

"సరిగ్గా మధ్యలోంచి రెండిటికీ వెలుగు పంపి టైము కలుపుతాం," అన్నాడు ప్రొఫెసరు.

"రెండు వైపులా ఒకే వేగమని ముందే అనుకుంటేనే కదండీ అది కుదిరేది? మీరు తేల్చాల్సిందీ అదేగా!"

"పోనీ, ఒకచోటే కలిపి, ఒకదాన్ని నిదానంగా మోసుకెళ్తాం."

"మోస్తే నెమ్మదిస్తుందని మీరే అన్నారు. అటు మోసినా ఇటు మోసినా తేడా ఒకేలా ఉంటుందని ఎవరు చూశారు? చూడాలంటే అక్కడ ముందే ఒక సరైన గడియారం ఉండాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుంది!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసరు బోర్డు వైపు తిరిగాడు. గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. పది నిమిషాలకు ఇటు తిరిగాడు. నీళ్ళు నమల్లేదు.

"ఈవిడ చెప్పిందే నిజం. మేం కొలిచింది రానూపోనూ కలిపే. ఒక్కో వైపు వేగం సమానమన్నది కొలత కాదు, ఒప్పందం. సిద్ధాంతానికి ఢోకా లేదు, లెక్కలన్నీ నిలుస్తాయి. కానీ కొలిచి తేల్చామన్నాను చూశారూ, అది నా తప్పు. దీని మీద మహామహులే వాదించుకున్నారు. మీరెక్కడ చదివారమ్మా?"

"చదవలేదండీ. స్టేషన్ టైముకు మిల్లు టైము కలపడానికి నా చేతి వాచీ చూసుకుంటూ నడుస్తాను. దారిలో ఈ వాచీయే తప్పు టైము చూపిస్తే నాకు చెప్పేదెవరని ఎప్పుడూ అనుమానమే."

హాలు చప్పట్లతో మారుమోగింది. అక్క ఒళ్ళు పులకరించింది. అడగమన్నది తనేనని బయటికి రాకముందే నలుగురికి చెప్పేసింది వదిన.

బుధవారం ప్రొఫెసరు ఆమెను తన తరగతికి పిలిపించి, సుద్దముక్క చేతికిచ్చి, తాను వెళ్ళి విద్యార్థుల మధ్య కూర్చున్నాడు. అక్క రెండు గడియారాలు గీసి, మొత్తం చెప్పింది. చివర్లో ఒకమ్మాయి లేచి, "అయితే ఒక్క వైపు వేగాన్ని ఎప్పటికీ కొలవలేమా?" అంది.

"నాకూ తెలీదమ్మా," అంది అక్క, బోర్డు తుడుస్తూ. "రా, ఇద్దరం చూద్దాం."