పందొమ్మిది కార్డులు, ఒకే చేతిరాత

ఫుసనో ఊరవేసిన ముల్లంగికి మా పేట పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అది అంగట్లో కొన్నదని అందరి ముందూ చెప్పింది నేనే. కుళ్ళుతో ఆడిన అబద్ధం. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. నలభై ఏళ్ళ స్నేహం. ఆమె లేకపోతే నాకు టీ కూడా సయించడం లేదు.

క్షమించమని రెండు ఉత్తరాలు రాశాను. రిటైరైన టీచరమ్మ కదా, రాత చదవలేకపోయాను, మళ్ళీ రాయమని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపింది. పౌరుషం పొడుచుకొచ్చి, పేట హాల్లో కంప్యూటర్ పలక మీద అక్షరాలు దిద్దించే తరగతిలో చేరాను.

అది పలక కాదు, అత్తగారు. గీత ఆగాల్సిన చోట ఆగలేదంటుంది, కొక్కెం తిప్పాల్సిన చోట తిప్పలేదంటుంది. ఏ గీత ముందో ఏది తర్వాతో తెలియక, డెబ్బై ఏళ్ళుగా నా పేరే నేను తప్పు వరసలో గీస్తున్నానని తేల్చింది. పళ్ళబిగువున మూడు నెలలు దిద్దాను. చివరికి తరగతిలో పందొమ్మిది మందికీ వందకి వంద వచ్చాయి.

కొత్త సంవత్సరానికి అందరం ఫుసనోకి కార్డులు రాశాం. మా పిల్లలందరికీ చదువు చెప్పింది మరి. నా కార్డులో క్షమాపణ కూడా రాశాను.

సెలవులు అయ్యీ అవగానే ఆమె కానిస్టేబుల్ కుసాకబెని వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చింది. ఎవడో పిచ్చివాడు పందొమ్మిది పేర్లతో తనకి కార్డులు రాశాడట. హరుయో అని నా పేరు పెట్టుకుని క్షమాపణ కూడా చెప్పాడట.

కుసాకబె మా అందరిచేతా పలక మీద రాయించాడు. అన్నీ ఒకటే రాత, అన్నిటికీ వంద మార్కులు. అతను తల పట్టుకున్నాడు.

"ఒక్కరైనా మీ రాత మీరు రాయండమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పలక లాక్కుని చేతికొచ్చినట్టు గిలికాను. ఇది అక్షరం కాదంటూ అది నాలుగు మార్కులు వేసింది.

ఫుసనో కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివింది. "ముల్లంగి నువ్వు ఊరేసిందే. అబద్ధమాడింది నేను." తర్వాత కుసాకబె వైపు తిరిగింది. "ఇది హరుయోనే బాబూ. ఇంత దరిద్రంగా ఇంకెవరూ రాయలేరు."

"మరి అప్పుడు చదవలేకపోయానన్నావుగా?" అన్నాను.

"చదివానే. అబద్ధం అందరి ముందూ ఆడి, నిజం నా ఒక్కదాని చెవిలో చెప్తే సరిపోతుందా?"

సంచిలోంచి ఎర్రసిరా పెన్ను తీసి, బాగా రాసిన ఒకటో తరగతి పిల్లలకి వేసినట్టు, నా రాత చుట్టూ పలక మీదే రేకులున్న పెద్ద పువ్వు గీసింది. నాకు ఏడుపొచ్చింది.

గీతల వరస తప్పిందంటూ పలక ఆమెకి రెండు మార్కులు వేసింది.