ఏడో దినుసు

ఇదిగో, నిన్నే! గంజాయి అన్న మాట చెవిన పడగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి ముందుకు జరిగావు చూడు, నిన్నే అంటున్నా. ఇంతసేపూ గోడకి చేరగిలి కునుకు తీశావుగా! సరే, ఎలాగూ జరిగావు కాబట్టి విను. జేబులోంచి పెన్ను మాత్రం తియ్యకు. ఈ కథ విని నువ్వు ఇంట్లో బీరువా ఖాళీ చేస్తే, మీ ఆవిడకి నేను జవాబు చెప్పుకోలేను.

పొద్దున్న అయిదున్నరకి హోసోయా సేకిచి సగం మనిషే కనిపిస్తున్నాడు. నడుము పైభాగం పరుపుల అరలో ఉంది, కిందిభాగం చాప మీద ఉంది. అరవై తొమ్మిదేళ్ళ మోకాళ్ళ మీద చాప నేత అచ్చులు పడుతున్నాయి. అర రెండంతస్తులు. పైన పరుపులు, దుప్పట్లు, తెల్ల గుడ్డలు. కింద, పాత గొడుగు నుంచి విప్పిన నల్లగుడ్డ చాటున, తోట.

తోటంటే మూడు మొక్కలు. పెరుగన్నం తినే గిన్నెలంత టోఫూ డబ్బాల్లో మొలిచి, ఇప్పుడు పచ్చడి బకెట్లలోకి మారి, మోచెయ్యంత ఎత్తుకి లేచాయి. పైన వెలుగుతున్న దీపం పెద్ద సామాన్లు చెత్తకి వేసే రోజున ఎవరో పారేసిన చేపలతొట్టిది. గాలి విసిరే పంకా చచ్చిపోయిన కంప్యూటరు కడుపులోంచి తీసింది. గోడలకి వంటింట్లో నూనె చిందకుండా పెట్టుకునే వెండికాగితం. అన్నీ చెత్తకుప్పవే. కొన్నది వెండికాగితం ఒక్కటే, అదీ వందయెన్ల కొట్లో.

"పుట్టగొడుగులు లేచాయా?" అని వెనకనుంచి భార్య కినుయె అడిగింది. అరలో పెంచుతున్నది అవేనని ఆమెకి చెప్పాడు. అరకి ఎదురుగానే ఆమె పరుపు. ఏప్రిల్ నుంచి ఆమె ప్రపంచం ఆ పరుపే.

"లేచాయి. నువ్వు పడుకో."

"పుట్టగొడుగులకి దీపం ఎందుకయ్యా?"

"చీకటంటే భయం వాటికి."

"పాపం," అంది కినుయె, నవ్వు దుప్పటిలోకి లాక్కుంటూ.

సేకిచి ముప్పయ్యెనిమిదేళ్ళు ఒక అచ్చాఫీసులో కాగితాలు మడతపెట్టాడు. కందిరీగ నడుంలాంటి సన్నటి మనిషి. ఎడమ బొటనవేలి గోరు సిరాతో నల్లబడి అలాగే ఉండిపోయింది. ఆ జీవితంలో అతను చట్టాన్ని అతిక్రమించిన సందర్భం ఒక్కటే. ఒకసారి ఖాళీ సీసాలు పారెయ్యాల్సిన రోజున రేకు డబ్బాలు పడేశాడు. మర్నాడు వెళ్ళి వార్డు పెద్దకి క్షమాపణ చెప్పుకున్నాడు. అలాంటివాడు, దొరికితే నేరుగా జైలుకి పంపే మొక్కని, అయిదంతస్తుల మేడల పేటలో, నలభై గడపల మధ్య పెంచుతున్నాడు. తులసివనంలో గంజాయి మొక్కంటే ఇదే మరి.

కారణం ఒక్కటే. ఇంటికొచ్చి చూసే డాక్టరు ఏప్రిల్లో గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు. "ఆమె ఇలా తినకుండా ఉంటే ఒక నెల. తింటే చెప్పలేం." సేకిచి చెవికి రెండో మాటే ఎక్కింది. ఆ వారమే రేడియోలో ఎవరో చెబుతుంటే విన్నాడు, ఇలాంటి రోగులకి కొన్ని దేశాల్లో ఆ ఆకు ఇస్తున్నారని, నొప్పి తగ్గి ఆకలి పుడుతోందని. అంతే, రేడియో కట్టేశాడు. మిగతాది వినాల్సిన అవసరం అతనికి కనిపించలేదు.

గింజలెక్కడివంటావా? నూడుల్స్ మీద చల్లుకుంటామే, ఏడు దినుసుల కారం. అందులో మిరప, నువ్వులు, నారింజ తొక్క, ఇంకా ఏవేవో ఉంటాయి. బూడిదరంగులో మిరియమంత గుండ్రటి గింజ ఒకటి పంటికింద కటుక్కుమంటుంది. ఆ ఏడో దినుసు గంజాయి గింజే! చట్టం పట్టుకుపోయే మొక్క గింజని దేశమంతా బల్ల మీద పెట్టుకుని తింటోంది. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే అని సేకిచి తన తెలివికి తనే మురిసిపోయాడు. రెండు డబ్బాలు తెచ్చి, భార్య కనుబొమ్మల చిమటాతో ఒక్కొక్కటే ఏరాడు. తుమ్ముతూ ఏరాడు, ఏడుస్తూ ఏరాడు. నలభై ఒక్క గింజలొచ్చాయి. పందొమ్మిది రోజులు నీళ్ళు పోశాడు. ఏమీ రాలేదు. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మూడు పచ్చటి తలలు మట్టిని నెట్టుకుని నిలబడ్డాయి. అచ్చాఫీసులో ముప్పయ్యేళ్ళ సేవకి గడియారం ఇచ్చిన రోజున కూడా అతను అంత పొంగలేదు.

ఆరింటికల్లా సేకిచి రైలు స్టేషను పక్క సైకిళ్ళ షెడ్డులో ఉన్నాడు. ఉద్యోగం మానేశాక దొరికిన పని అది. నీలం టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ళు విసిరేసినట్టు వదిలిన సైకిళ్ళని వరసలో సర్దుతాడు. ముందుచక్రాలన్నీ ఒకే గీత మీద ఉండాలి. హ్యాండిలు వంకరగా ఉంటే అతనికి మెడ పట్టినట్టు ఉంటుంది.

షెడ్డు గోడ మీద పోలీసుల పోస్టరు ఉంది. చెయ్యి చాపినట్టున్న ఆకుపచ్చ ఆకు బొమ్మ, కింద ఎర్ర అక్షరాలు: 'ఈ మొక్క కనిపిస్తే వెంటనే చెప్పండి.' జూన్లో ఒకరోజు సేకిచి తన మొక్క ఆకొకటి పర్సులో పెట్టుకొచ్చి, ఎవరూ లేని సమయం చూసి ఆ బొమ్మ పక్కన పెట్టి చూశాడు. అయిదు వేళ్ళు. అంచున రంపపు పళ్ళు. అచ్చుగుద్దినట్టుంది. పోలీసువాళ్ళే ధ్రువపత్రం ఇచ్చినట్టయింది. ఆ సాయంత్రమే మొదటి టీ కాచాడు. కినుయె ఒక గుక్క తాగి, మొహం వేపాకు నమిలినట్టు పెట్టి, కప్పు ఖాళీ చేసింది. కాసేపు పైకప్పుకేసి చూసి, "ఏమయ్యా, జావేమన్నా ఉందా?" అంది. సేకిచి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయాడు. జావ కోసమే కాదు, తన మొహం ఆమెకి కనపడకూడదని.

అప్పటినుంచి రోజూ అంతే. టీ, తర్వాత జావ. మొదట మూడు చెంచాలు, తర్వాత అరగిన్నె. డాక్టరు చెప్పిన నెల దాటి మూడు నెలలయింది.

"అన్నయ్యగారూ!" నెగిషి సైకిలు దిగింది. వాళ్ళ కింది అంతస్తే ఆమెది, పేట సంఘానికి పెద్ద. చెత్త సంచి ముడి చూసి ఎవరిదో చెప్పగల మనిషి. సేకిచి ఈ లోకంలో భయపడేది ఇద్దరికే, ఒకటి పోలీసులకి, రెండు నెగిషికి. "మీ ఇంటి తవుడు వాసన మా ఇంట్లో చారులో కూడా వస్తోందండీ. పచ్చళ్ళ కొట్టేమన్నా పెడుతున్నారా?"

ఆకు వాసన బయటికి పొక్కకుండా అతను అర ముందు ముల్లంగి ఊరేసిన తవుడు కుండ పెట్టాడు. పులిసిన తవుడు వాసనే ముందు గుప్పుమనాలని రోజూ మూత తీసే ఉంచుతున్నాడు.

"కినుయెకి ఇష్టమండీ," అన్నాడు.

"ఇష్టమే మరి," అంది నెగిషి, అతని టోపీకేసి అదోలా చూసి నవ్వుతూ. సేకిచి టోపీ కిందికి లాక్కుని, తిన్నగా ఉన్న సైకిలునే మళ్ళీ సర్దాడు.

ఒంటిగంటకి ఇల్లు చేరాడు. నాలుగంతస్తుల మెట్లు. ఆగస్టు ఎండ గోడల్లోంచి కాస్తోంది. కినుయె మేలుకునే ఉంది. ఇవాళ మొహం మైనంలా ఉంది. కళ్ళు మాత్రం అల్లరి చేసి దాక్కున్న పిల్లవి. అతను చేతులు కడుక్కుంటుండగానే గంట మోగింది.

గుమ్మంలో కానిస్టేబులు నిలబడ్డాడు, చేతిలో అట్ట. "నా పేరు యుగే అండీ, కొత్తగా వచ్చాను. ఇల్లిల్లూ తిరిగి పలకరించి పోతున్నా. ఇంట్లో ఎంతమందండీ?"

"ఇద్దరమే," అన్నాడు సేకిచి. "మొక్కలవీ ఏం లేవు."

"మొక్కల సంగతి అడగలేదండీ."

"అవునవును. లేవు కాబట్టే చెప్పా."

యుగే ముక్కు ఎగబీల్చాడు. "ఏదో వాసన వస్తోందేమిటి..."

సేకిచి రెండంగల్లో కుండ దగ్గరికి వెళ్ళి, చెయ్యి మోచేతిదాకా తవుడులో ముంచి, ముల్లంగి ఒకటి లాగి, కడగకుండానే కానిస్టేబులు చేతిలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి కినుయె గొంతు వినిపించింది, సన్నగా, స్పష్టంగా.

"ఏమయ్యా, పాపం ఆయన్ని నిలబెట్టేశావేం? అరలో మెత్తలున్నాయిగా, ఒకటి తీసి వెయ్యి. ఆ తలుపు బార్లా తియ్యి, మెత్తలు అడుగున ఉన్నాయి."

సేకిచి తవుడు అంటిన చేతిని చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దులెండమ్మా, ఇంకా మూడు బ్లాకులు తిరగాలి," అన్నాడు యుగే. ముల్లంగిని బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని మెట్లు దిగాడు.

తలుపు మూసి సేకిచి గోడకి ఆనుకున్నాడు. "కాస్తలో చంపేసేదానివే!"

కినుయె నవ్వుతోంది. నవ్వు పక్కటెముకల్ని పట్టేసింది, అయినా ఆపలేదు. నలభై మూడేళ్ళుగా అంతే. పెళ్ళయిన వారానికే అతని భోజనం డబ్బాలో అన్నం కింద కూరకి బదులు రేపటి కూరగాయల జాబితా పెట్టి పంపిన మనిషి. ఇరవైరెండేళ్ళు నూడుల్స్ కొట్టు వంటింట్లో నిలబడి పనిచేసింది. సాయంత్రం ఇంటికొస్తే ఆమె జుట్టు కారం వాసన వేసేది. ఆ వంటింట్లో ఏం జరుగుతుందో సేకిచి ఒక్కరోజూ అడగలేదు.

టీ కాచి తెచ్చాడు. ఆమె చేతులు కప్పు మొయ్యలేకపోయాయి. అతనే పట్టుకున్నాడు. కప్పు పూర్తిచేసి, రెండు చెంచాల జావ మింగి, మూడోది అతనికేసి తోసింది. "నువ్వు తిను. సైకిళ్ళు మొయ్యాలి."

"రేపు తింటావా?"

"రేపు మాట రేపు. ఆ బట్టలు తీసుకురా, ఎండకి రంగు పోతాయి."

అతను వరండాలోకి వెళ్ళాడు. రెండు తువ్వాళ్ళు, ఒక చొక్కా, ఆమె రాత్రి గౌను. గౌను మడత అంచులు కలిసేదాకా రెండుసార్లు విప్పి మడిచాడు. లోపలికొచ్చేసరికి కినుయె ముఖం అర వైపు తిరిగి ఉంది. పంకా సన్నగా మోగుతోంది. ఇంకో శబ్దం ఉండాలి ఆ గదిలో. అది లేదు.

మడిచిన బట్టలు ఒళ్ళో పెట్టుకుని అతను చాలాసేపు పక్కనే కూర్చున్నాడు.

డాక్టరు వచ్చి కాగితం రాసి వెళ్ళాడు. నెగిషి వచ్చింది. కింద పక్క బ్లాకులో ఉన్న యుగే విషయం విని, టోపీ తీసి చేత్తో పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాడు. ఆచారం ప్రకారం పోయినవాళ్ళ తల ఉత్తరానికి పెట్టాలి, కింద కొత్త తెల్లగుడ్డ పరవాలి. ఏ ఇంట్లోనైనా ఆ గుడ్డ ఉండే చోటు ఒకటే, పరుపుల అర. మన సేకిచి నాలుగు నెలల్లో అన్నిటికీ ఉపాయం ఆలోచించాడు, వెలుగుకి, వాసనకి, చప్పుడుకి. దీనికి ఆలోచించలేదు.

నెగిషి తలుపు బార్లా జరిపింది.

"వద్దు!" అన్నాడు సేకిచి.

ఆమె అప్పటికే తెల్లగుడ్డ లాగింది. దాంతోపాటు నల్లగుడ్డ ఊడొచ్చింది. చేపలతొట్టి దీపం వెలుగు చాప మీద, కినుయె మొహం మీద, కానిస్టేబులు బూట్లు లేని కాళ్ళ మీద పడింది.

సేకిచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకి చాపాడు. "నాదే. ఆమెకేం తెలీదు. దహనం అయ్యేదాకా ఆగండి, తర్వాత నేనే వస్తా."

యుగే వంగి మొక్కల్ని చూశాడు. తల గోక్కున్నాడు. "మా అమ్మమ్మ పెరట్లోనూ ఉందండీ ఈ ఎర్ర మందారం. మామూలు మందారంలా కాదు, దీని ఆకు అచ్చం గంజాయి ఆకులాగే ఉంటుంది కదూ! ఏటా వేసవిలో స్టేషనుకి ఫోన్లే ఫోన్లు. నేనే రెండుసార్లు పరిగెత్తా."

సేకిచి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. నెగిషి వాటిని మెల్లగా కిందికి దించింది.

"వేయించిన గింజలు ఎక్కడైనా మొలుస్తాయా అన్నయ్యగారూ?" అంది. "నూడుల్స్ కొట్లో కారంలో వేసేముందు వాటిని వేయించేది ఆవిడేగా, ఇరవైరెండేళ్ళు! మీరు పొద్దున్నే వంగి వంగి నీళ్ళు పోస్తుంటే చూడలేక, మందార గింజలు మూడు నా దగ్గర తీసుకుంది. మీరు షెడ్డుకి పోయాక, చాప మీద పాక్కుంటూ వెళ్ళి నాటింది."

"మరి ఆకలి?" అన్నాడు సేకిచి. "తినేది కదా. నేను చూశాను. తినేది."

"నేనూ అడిగా. 'ఆయన అంత ఆశగా నోరు తెరుచుకుని నిలబడితే తినకేం చేస్తాను! మొదట్లో నాటకానికే తిన్నా. తర్వాత దొంగముండ ఆకలి నిజంగానే వేసింది' అంది."

సేకిచి నోరు వణికింది. లోపల్నుంచి ఏదో బయల్దేరింది. ఏడుపనుకుని నెగిషి అతని భుజం పట్టుకుంది. నవ్వది.

గుడ్డ పరవడానికి చోటు కావాలని యుగే బకెట్లు ఒక్కొక్కటే వరండాలోకి మోశాడు. మూడోది దించుతుంటే మట్టిలో నిలువునా దిగేసిన పుల్ల ఒకటి ఊడి బయటపడింది. ఐస్‌ఫ్రూట్ పుల్ల. ఆ ఇంట్లోకి సేకిచి ఐస్‌ఫ్రూట్ ఎప్పుడూ తేలేదు. అతను నెగిషికేసి చూశాడు. ఆమె తల పక్కకి తిప్పేసుకుంది.

సేకిచి నల్లగోరుతో మట్టి గీకి, పుల్లని వెలుగుకి పట్టాడు. కినుయె వంకర అక్షరాలు: 'నాటింది కినుయె. మోసపోయింది సేకిచి. నీళ్ళు మానకు.'

రెండో కొసన, తీపంతా పీల్చేసుకున్న చోట, రెండు పళ్ళ గాట్లు ఉన్నాయి.