ఖాళీ బండి వెనక చక్రాలు

నేను తాగి బండి నడిపానట! అన్నది నా చేతికి తాళాలిచ్చిన హనుమంతప్పే. అదీ ఇంటికి పిలిచి అడగలేదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ ముందర, టీ బంకు దగ్గర, పదిమందిలో అన్నాడు. మా నాయన చర్చిలో పెద్ద. చుక్క ముట్టని ఇల్లు మాది. ఆ సాయంత్రం నా భార్య రాధ నన్నేమీ అడగలేదు గానీ, అన్నం పెడుతూ దగ్గరికి వంగి వాసన చూసింది.

హనుమంతప్పది పట్టునూలు వ్యాపారం. కారు వెనక సీటు పీకేసి, నూలు మూటలు కుక్కి, ధర్మవరం మగ్గాలవాళ్లకు నాతో పంపిస్తాడు. పోయేటప్పుడు బండి బుద్ధిగానే పోతుంది. మూటలు దించి ఖాళీగా వస్తున్నప్పుడు వాన పడిందా, పెనుకొండ దగ్గరి మలుపులో స్టీరింగు తిప్పీ తిప్పగానే వెనక భాగం పక్కకు జారుతుంది. మొన్న ఏకంగా గిర్రున తిరిగి, వచ్చిన దారికే మూతి పెట్టి నిలబడింది.

"ముందు చక్రాలు లాగే బండిరా ఇది! దీని వెనక ఎట్ల తిరుగుతాది? పోయేటప్పుడు లేని రోగం వచ్చేటప్పుడే యాడనుంచి వస్తాది? ధర్మవరంలో ఏసుకోని వస్తాండావు!" అని తాళాలు లాక్కున్నాడు.

అదే ప్రశ్న బండిని అడగొచ్చు కదా! మనిషినే అడగాలా?

మర్నాడు వాళ్ల వాకిట్లోకి పోయి, ఎవర్నీ అడక్కుండా బండి కింద దూరాను. బ్రేకులు బాగున్నాయి. చక్రాలు ఎత్తి ఊపితే ఏదీ వదులు లేదు. వెనక టైరు మీద అరచెయ్యి పెడితే మాత్రం గచ్చునేల తడిమినట్టుంది. ముందువి కొత్తవి. బండిని లాగేవి ముందువి కాబట్టి కొత్తవి ముందుకి, అరిగినవి వెనక్కి. హనుమంతప్ప తెలివి అది! పైగా మూటల బరువుకని వెనక టైర్లకు గాలి బిగించి కొట్టిస్తాడు. మూటలు దించాక గాలి తీయనివ్వడు, మళ్లీ కొట్టించాలి కదా అని. వెనక బరువు లేదు, టైరుకు పట్టు లేదు, కింద తడి రోడ్డు. జారక ఏం చేస్తుంది?

చెబితే వింటేనా! "టైర్ల సంగతి నాకే నేర్పిస్తాండావా?" అన్నాడు.

"అయితే నువ్వే నడుపన్నా. వానలో, ఖాళీగా."

"నడుపుతా. నీకేమన్నా భయమా?"

గడపలో నిలబడిన ఆయన భార్య లక్ష్మక్క మా మాటలన్నీ వింది. "పెనుకొండలో మా చెల్లెల్ని చూసి రావాల. నేనూ వస్తా" అంది.

వారం తిరక్కుండానే వాన పట్టింది. వాళ్లు బయల్దేరారని తెలిసి, నేను బస్సెక్కి పోయి ఆ మలుపులో దిగి, గొడుగేసుకుని నిలబడ్డాను. తిరుగుదారిలో కారు వచ్చింది. మలుపు తిరిగింది. వెనక భాగం జర్రున జారి, బండి చుట్టు తిరిగి రోడ్డు దిగి బురదలో కూలబడింది. నా పంతం అప్పుడే మర్చిపోయాను. లక్ష్మక్కకు ఏమైందోనని పరుగెత్తాను.

ఆమెకేమీ కాలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగి, మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, పొద్దున్నుంచీ నా పక్కనే ఉండావు గదా. ఎప్పుడు తాగినావు?"

హనుమంతప్ప ముఖం మాడిపోయింది. తాళాలు నా వైపు చాపి, "టైర్లు మార్పిస్తాలే. రేపట్నుంచి పనిలోకి రా, పౌలూ" అన్నాడు.

నేను చెయ్యి చాపలేదు. "టైర్లు సరేనన్నా. నేను తాగలేదని ఎప్పుడు చెప్తావు?"

"ఇప్పుడు చెప్పినట్టే గదప్పా!"

"ఈడ ఎవరుండారు వినేకి? టీ బంకు కాడ అంటివి. ఆడే చెప్పు."

"చెప్తాడు," అంది లక్ష్మక్క. "నేనూ వస్తా."

మర్నాడు పొద్దున మార్కెట్ ముందర జనం బాగా ఉన్నారు. హనుమంతప్ప టీ గ్లాసులోకి చూస్తూ ఏదో గొణిగాడు. నా వెనకే రాధ నిలబడి ఉంది.

"గట్టిగా చెప్పన్నా," అన్నాను. "మా ఇంటామెకు వినపడల్యా."