సీసా మెడలో పేరు

సత్యభామ అలమరలోని సీసాలను ఒక్కొక్కటే దించి పొడిగుడ్డతో తుడుస్తోంది. సిడ్నీలో మేడమీది ఆ జపాను బారు సాయంత్రానికి గాని తెరవరు. అప్పటిదాకా ఊడవడం, గ్లాసులు కడగడం, మందుతోపాటు పెట్టే చిరుతిళ్లు చేయడం ఆమె పని. చీర మీద ఏప్రన్, మోకాళ్లకు పట్టీలు, ఎంత కడిగినా వదలని నూనె వాసన.

అక్కడి వాడుక ప్రకారం, తరచూ వచ్చేవాళ్లు సీసా కొని, తాగగా మిగిలింది మెడకు పేరున్న అట్టముక్క కట్టి అక్కడే ఉంచుతారు. ఆరు నెలలు రాకపోతే సీసా తీసేస్తారు. అన్ని పేర్లూ జపానువో ఇంగ్లీషువో. ఒక్క అట్టముక్క మీదే తెలుగు: శేషగిరి.

"ఈ వారంతో సరి, భామా-సాన్," అని యజమానురాలు ఆ సీసానే చూపించింది. ఆవిణ్ని అందరూ జపాను వాడుకలో 'మామా' అంటారు. మీసాల్లేని మామ అని సత్యభామ మొదట్లో తెగ నవ్వుకుంది. ఇవాళ నవ్వు రాలేదు.

"వన్ మోర్ వీక్, మామా. హి కమ్."

శేషగిరికి ఒసాకాలో ఉద్యోగం చేసినప్పుడు ఇలాంటి చోట్లు అలవాటయ్యాయి. అమ్మాయిలు పక్కన కూర్చుని మందు పోస్తారు, కబుర్లాడతారు, పాడితే చప్పట్లు కొడతారు. అంతే. లోకం అంతే అనుకుంటుందా! భార్య పోయాక, ఇవాళ ఎలా గడిచిందని ఆయన్ని అడిగేది ఇక్కడే.

ఒకరోజు చేగోడీ నోట్లో వేసుకుని తిన్నగా వంటగది కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏవండీ, ఈ చెయ్యి మన గోదావరి జిల్లాదేనా?"

"తణుకండీ."

ఆనాటి నుంచి అమ్మాయిలు రాకముందే వచ్చి కాసేపు ఆ కిటికీ దగ్గర నిలబడేవాడు. వానల గురించి, కూరల గురించి మాట్లాడేవాడు. ఆమె మోకాళ్ల గురించి తప్పక అడిగేవాడు. కన్నకూతురు లాస్య కూడా అడగని మాట అది. కొత్త సీసా కొన్నప్పుడు పేరు తెలుగులో రాసి, "తుడిచేది మీరేగా, మీరు చదివితే చాలు," అన్నాడు.

గుడి స్నేహితులకు మాత్రం ఆఫీసు క్యాంటీన్‌లో పని అని చెప్పుకుంది సత్యభామ. సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుళ్లో ఒక ఆదివారం పులిహోర పళ్లెంతో ఆయన ఎదురుపడ్డాడు.

"భామగారూ! మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?"

పక్కనే గుడి స్నేహితురాలు శ్యామసుందరి ఉంది. ఆవిడ చెవిన పడితే ఊరంతా టముకు వేసినట్టే.

"ఎవరండీ మీరు? నన్ను చూసి ఇంకెవరో అనుకున్నట్టున్నారు."

ఆయన మొహం చిన్నబోయింది. "క్షమించండమ్మా, పొరబడ్డాను," అని తప్పు తన మీదే వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ బారుకు రాలేదు. ఆ క్షణాన తన నోరు పడిపోయినా బాగుండేదని సత్యభామ ఎన్నిసార్లు ఏడ్చిందో. వస్తే ఒక్క మాట చెప్పుకోవాలి. అందుకే రోజూ ఆయన కోసం గిన్నెలో నాలుగు చేగోడీలు పక్కన పెడుతోంది.

మధ్యాహ్నం నలభై ఏళ్ల మనిషొకడు మెట్లెక్కి వచ్చాడు. పేరు శ్రీకర్.

"తెలుగువాళ్లేనా ఆంటీ? శేషగిరి గారు మా ఆఫీసే. సిడ్నీలో మాట్లాడేవాళ్లు లేరోయ్ అంటూ ట్రాన్స్‌ఫర్ తీసుకుని ఎక్కడో దూరంగా క్రాన్‌బర్న్ వెళ్లిపోయారు. లాస్ట్ మంత్ పోయారు. హార్ట్. ఇక్కడ బాటిల్ ఉందని నాతో అనేవారు, దాని సంగతి చెప్దామని ఇందాక ఫోన్ చేస్తే, మామా రమ్మంది."

సత్యభామ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

మామా తల వంచి నమస్కరించి, ఆ సీసా తెచ్చింది. మనిషి పోతే, ఎరిగినవాళ్లే ఆ సీసాను ఖాళీ చేయాలట. రెండు గ్లాసులు పెట్టి, మూడోది చేతిలో పట్టుకుని, ఆయన్ని ఎరిగినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది.

శ్రీకర్ సత్యభామ వైపు తిరిగాడు. "మిమ్మల్ని గుళ్లో చూశాను కదూ ఆంటీ? మీ ఫ్రెండ్ శ్యామసుందరి మా పిన్నే. శేషగిరి గారు మీకు తెలుసా?"

"తెలుసు బాబూ. బాగా తెలుసు. నేనిక్కడే పని చేస్తానని, ఆయన నాకు తెలుసని మీ పిన్నితో చెప్పు. నేనే చెప్పమన్నానని చెప్పు."

వినవలసిన మనిషి వినకుండానే పోయాడు. జన్మలో మందు ముట్టని సత్యభామ గ్లాసందుకుని పెదవులకు తాకించుకుంది. చేగోడీల గిన్నె తెచ్చి ఆయన కుర్చీ ముందు పెట్టింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

తరువాత ఖాళీ సీసాను కడిగి, తుడిచి, పారేయవద్దని మామాను బతిమాలుకుంది.

సాయంత్రం తలుపులు తెరిచేటప్పటికి సీసా అలమరలో తన చోటే ఉంది, మెడలో తెలుగు పేరున్న అట్టముక్కతో.